హంస ఎందుకు హఠస అయింది

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. మాది పర్లాకిమిడి. మా ఆయనకి బజారులో చిన్న ఫ్యాన్సీ షాపు. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం. మా పాప దగ్గర్లోని ఒడియా మీడియం సర్కారు బడిలో మూడో తరగతి. ఒడియా గడగడా మాట్లాడుతుంది గానీ రాత దగ్గరికి వచ్చేసరికి అంతా కలగాపులగం. రాత్రిళ్ళు నేను తెలుగు అక్షరాలు నేర్పుతున్నాను, దాంతో ఇంకా కలిపేస్తోంది. మొన్న ఒడియా డిక్టేషన్‌లో పదికి మూడు వచ్చాయి. ఆ పేజీ ఫొటో పంపుతున్నాను. ఇంట్లో తెలుగు తగ్గించి ఒడియా మాట్లాడమని టీచరు గారు చెప్పారు. ఇంకో గొడవ. పాప పక్కన కూర్చునే పిల్ల సవర వాళ్ళమ్మాయి, క్రైస్తవులు. డిసెంబరులో ఆ పిల్ల దగ్గర క్రిస్మస్ పాట ఒకటి సవర భాషలో నేర్చుకుని మా పాప సరిగ్గా దేవుడి గది ముందే పాడింది. మా అత్తగారు ఆ పూట భోజనం మానేశారు. మా మరిది శ్రీకాకుళంలో హాస్టలున్న ఇంగ్లీషు మీడియం స్కూల్లో వేసేద్దాం అంటున్నాడు. డ్రాయింగ్ పీరియడు తీసేసి లెక్కలు చెప్తున్నారని పాప రోజూ ముఖం వేలాడేసుకుని వస్తుంది. అది పెద్ద విషయం కాదనుకోండి. మమ్మల్ని ఏం చెయ్యమంటారు? – ఒక తల్లి, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం ఒకసారి చదివాను, ఆ డిక్టేషన్ పేజీ మాత్రం నాలుగుసార్లు చూశాను. దాంతోనే మొదలుపెడతాను. మీ టెన్షన్‌లో సగం అక్కడే తీరిపోతుంది.

పది పదాలు. ఏడింటికి ఎర్ర ఇంకు. తెలుగు కలిపేసింది కాబట్టి ఏడూ పోయాయని మీరు రాశారు. నిజానికి తెలుగు అక్షరం దొర్లింది రెండు పదాల్లోనే. మిగిలిన అయిదింటి కథ వేరు.

ఘర, ఫళ, జళ, నఖ. ఈ నాలుగు పదాల్లోనూ పాప ప్రతి అక్షరానికీ ఓకారం తగిలించింది. ఎందుకో తెలుసా? టీచరు గారు 'ఘొరొ', 'ఫొళొ' అని పలికారు కనక. ఒడియాలో ఏ గుర్తూ లేని అక్షరం మన 'అ' లాగ పలకదు. నోరు కాస్త గుండ్రంగా తిరుగుతుంది, మన చెవికి అది 'ఒ' లాగ వినబడుతుంది. ఒడియా ఇంట్లో పుట్టిన పిల్లకి ఈ చిక్కు లేదు, ఆ శబ్దమే దానికి 'అ'. మన పిల్ల విన్నది విన్నట్టు రాసింది. నాలుగు పదాల్లో ఒకే తప్పు, ఒకే తీరున చేసిందంటే ఏదో ఒక రూలు మనసులో పెట్టుకునే రాస్తోందన్నమాట. రూలే తప్పు. తప్పు రూలుని పది రోజుల్లో సరిచెయ్యొచ్చు. అసలు ఏ రూలూ లేకుండా రాసే పిల్లతోనే కష్టం, అలాంటివాళ్ళని కూడా చూశాను.

ఆ నాలుగు పదాల్లోనే ఇంకోటి ఉంది. మనం ఫలం, జలం అని 'ల'తో రాస్తాం. ఒడియాలో అవే మాటలకి 'ళ' ఉంటుంది. పాప రెండుచోట్లా ఒడియా 'ళ' ఎక్కడా తడబడకుండా పెట్టింది. తెలుగే కలిపేసే పిల్లయితే అక్కడ 'ల' పడాలి కదా? పడలేదు. హిందీ మాట్లాడే ఇళ్ళ పిల్లలు నా క్లాసులో ల, ళ తేడా దగ్గర నెలల తరబడి తిప్పలు పడేవాళ్ళు. మన తెలుగులో రెండూ ఉన్నాయి కనక మన పిల్లల చెవికి అది పుట్టుకతో వస్తుంది. పాపం ఆ రెండు 'ళ'లూ ఎర్ర ఇంకు కింద పడిపోయాయి, ఎవరూ చూడలేదు.

అయిదో పదం హంస. నాకు నవ్వొచ్చింది ఇక్కడే. పాప 'హ' రాసి, పక్కన మన పద్ధతిలో పెద్ద సున్న పెట్టి, 'స' రాసింది. మనకి అది హంసే. ఒడియాలో సున్న బుల్లిది, అక్షరం భుజం మీద కూర్చున్నట్టు ఉంటుంది. అక్షరమంత పెద్ద గుండ్రం గీస్తే ఒడియాలో అది 'ఠ'. టీచరు గారు 'హఠస' అని చదువుకుని, పక్కన ప్రశ్నార్థకం గుర్తు పెట్టారు. ఆవిడకి తెలుగు లిపి రాకపోతే ఇంకేం చేస్తారు? తప్పు ఆవిడదీ కాదు, పాపదీ కాదు. ఒకే గుండ్రానికి రెండు ఊళ్ళలో రెండు పేర్లు.

రెండు లిపులూ ఒకే బ్రాహ్మి లిపి నుంచి దిగినవి. తాటాకు మీద గంటంతో అడ్డగీత లాగితే ఆకు చిరిగిపోతుందని రెండూ గుండ్రాలు తిరిగాయని పెద్దలు చెప్తారు. అక్కాచెల్లెళ్ళ పోలికలు చూసి బయటివాళ్ళు పొరబడినట్టే ఇదీను.

ఇక ఇంట్లో చెయ్యాల్సిన పని. పలక మధ్యలో ఒక గీత గియ్యండి. ఒక పక్క తెలుగు, ఒక పక్క ఒడియా. రోజుకి మూడే మాటలు, రెండు భాషల్లోనూ ఉన్నవి తీసుకోండి. ఆకాశం, పుస్తకం, నది, ఫలం, హంస. ఇలాంటివి వందలున్నాయి, చివర మన 'ము', 'ం' తీసేస్తే ఒడియా మాట బయటపడుతుంది. పాప చేతే రెండు పక్కలా రాయించి, తేడా ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి. మీరు చెప్పకండి. 'ఒడియాలో ఒట్టి అక్షరంలోనే ఆ ఒ ఉంది, మళ్ళీ పెట్టక్కర్లేదు' అన్న మాట పాప నోటి నుంచి వస్తే పని అయిపోయినట్టే. రెండు పదాల్లో దొర్లిన తెలుగు 'మ', 'త' సంగతి నేను పట్టించుకోను. రెండు లిపులు నేర్చుకుంటున్న చెయ్యి తొందరలో పక్క దారి పడుతుంది, ఏడాదికి అదే సర్దుకుంటుంది.

పనిలో పనిగా లెక్కల పుస్తకం కూడా తీసి చూడండి. ఒడియా మీడియం కింది తరగతుల్లో అంకెలు కూడా ఒడియావే. ఒడియా నాలుగు, పైన మూత తీసేసిన ఎనిమిదిలా ఉంటుంది. మీ షాపులో క్యాలండరు మీద, పెట్టెల మీద ఉండేవి ఇంగ్లీషు అంకెలు. లెక్క వచ్చినా అంకె తప్పు చదివి మార్కులు పోగొట్టుకున్న పిల్లలు నాకు తెలుసు. పాప లెక్కల్లో వెనకబడిందని ఎవరైనా అంటే ముందు ఆ నాలుగు, ఎనిమిది చూడండి.

ఇప్పుడు ఇంట్లో తెలుగు తగ్గించమన్న సలహా. టీచరు గారు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. కానీ ఆ మాట వినకండి.

మీ ఒడియా ఎంత? ఏమీ అనుకోకండి, నా ఒడియా కూడా మొదట్లో అంతే, బేరం ఆడడానికి, బస్సు ఎక్కడానికి సరిపోయేది. ఆ ఒడియాతో మీరు పాపకి ఏం చెప్పగలరు? తిను, పడుకో, పుస్తకం తియ్యి. అదే తెలుగులో అయితే మీ అత్తగారు చోడి అంబలి ఎందుకు పులుస్తుందో చెప్తారు, వరదొచ్చిన ఏడు ఏం జరిగిందో చెప్తారు, మీరు షాపులో అప్పు ఎగ్గొట్టినవాళ్ళ మీద విసుక్కుంటారు. పిల్లకి 'ఎందుకు', 'అందుకని', 'ఒకవేళ' అన్నవి అక్కడ వస్తాయి. బడిలో కావలసింది కూడా అవే. కెనడాకి చెందిన జిమ్ కమిన్స్ అనే పండితుడు 1979 నుంచీ చెప్తున్నది ఇదే. ఒక భాషలో గట్టిపడ్డ ఆలోచన రెండో భాషలోకి తనంతట తనే వెళ్తుంది. రెండో భాషలో గలగలా మాట్లాడడానికి రెండేళ్ళు చాలు, ఆ భాషలో పాఠం అర్థం చేసుకుని రాయడానికి మాత్రం అయిదు నుంచి ఏడేళ్ళు పడుతుందంటాడాయన. మీ పాప ఒడియా 'గడగడా మాట్లాడుతుంది గానీ' అని మీరు రాశారు చూడండి, ఆ 'గానీ' అందరి పిల్లలదీ. మూడో తరగతికి ఇంకా టైముంది.

పర్లాకిమిడిలో ఉంటూ ఈ సంగతికి కెనడా దాకా పోనక్కర్లేదు కూడా. గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో టీచరుగా వచ్చింది మీ ఊరికే. అప్పటికి ఆయనకి పదిహేడేళ్ళు. అడవి నుంచి సంతకి వచ్చే సవరల మాట ఆయన చెవిన పడింది. ఆ భాషకి పుస్తకం లేదు, చెప్పే గురువూ లేడు. తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. సొంత డబ్బుతో సవర పిల్లలకి బళ్ళు పెట్టారు, వాళ్ళ భాషలోనే పాఠాలు రాశారు. ఆయన సవర వ్యాకరణ పుస్తకం 1931లో అచ్చయింది. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని దండలు వేసేవాళ్ళు వాడుక భాష ముక్క ఒకటి చెప్పి ఊరుకుంటారు. నాకు మాత్రం ఆయన గొప్పతనం ఆ సవర బళ్ళలోనే ఎక్కువ కనబడుతుంది. పిల్ల ఇంటి మాట బడికి అడ్డం కాదని నూరేళ్ళకి పైగా ముందే మీ వీధుల్లో తిరిగినాయన చేసి చూపించాడు.

హక్కుల సంగతి కూడా తెలుసుకుని ఉండండి. ప్రాథమిక స్థాయిలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చెయ్యాలని రాజ్యాంగం 350-ఏ అధికరణం చెప్తోంది, 1956లో చేర్చారు. క్లాసులో పది మంది గానీ బడి మొత్తం మీద నలభై మంది గానీ ఆ భాష పిల్లలుంటే టీచరుని ఇవ్వాలన్న సూత్రం 1949 నాటిది. విద్యాహక్కు చట్టమూ, 2020 జాతీయ విద్యా విధానమూ మాతృభాషనే ముందు పెట్టాయి. కాగితం మీద అన్నీ ఉన్నాయి. ఆ కాగితం పట్టుకుని మీరొక్కరే ఆఫీసుకి వెళ్తే రేపు రమ్మంటారు, ఎల్లుండి రమ్మంటారు. మీ పాప క్లాసులో తెలుగు పిల్లలు ఎంతమందో ముందు లెక్కపెట్టండి. పది దాటితే ఆ తల్లులందరూ కలిసి ఒక అర్జీ పెట్టండి. వారానికి రెండు గంటలు తెలుగు చెప్పే మనిషి దొరికినా నేను గెలుపనే అంటాను.

ఈలోగా పక్కనే పాతపట్నం ఉంది. అక్కడి బడిలో ఎవరినైనా అడిగితే ఆంధ్రా ఒకటో తరగతి తెలుగు వాచకం పాతది ఒకటి దొరక్కపోదు. రోజూ పావుగంట, అంతకు మించి వద్దు. రైల్లో నౌపడ వైపు వెళ్ళే పని పడితే పాపని కిటికీ పక్కన కూర్చోబెట్టండి. మీ స్టేషన్లో పేరు ఒడియాలో ఉంటుంది, తర్వాత పాతపట్నంలో తెలుగు మొదలవుతుంది. లిపి ఎక్కడ మారిందో పాపనే కనిపెట్టమనండి.

మరొకటి, ఇది అత్తగారికి కూడా చెప్పండి. మన వైపు పెద్దక్కని 'అప్ప' అంటాం, ఒడియా వాళ్ళు 'అపా' అంటారు. ఇన్నేళ్ళు ఒకే వీధిలో ఉన్నాక ఏ మాట ఎవరి ఇంట్లోంచి ఎవరి ఇంట్లోకి వచ్చిందో అడగడం దండగ.

అత్తగారి పేరు ఎలాగూ వచ్చింది కనక పాట సంగతికి వస్తాను. ఆవిడ భోజనం మానేశారని రాశారు. నేను నవ్వను. దేవుడి గది ముందు వేరే దేవుడి పాట వినబడితే ఆ వయసు మనిషికి గుండె కలుక్కుమంటుంది. ఆవిడకి ముందు తెలియాల్సింది ఆ పాట బడి నేర్పలేదని. పక్కన కూర్చున్న స్నేహితురాలు నేర్పింది. పూర్తిగా సర్కారు డబ్బుతో నడిచే బడిలో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణంలో ఉంది. సర్కారు గుర్తింపు, సాయం ఉన్న మిగతా బళ్ళలో కూడా తల్లిదండ్రులు ఒప్పుకోకుండా పిల్లని ఏ మతబోధలోనూ, ప్రార్థనలోనూ కూర్చోబెట్టకూడదు. బడిలో ఎవరైనా మీ పాపని ప్రార్థన చెయ్యమని కూర్చోబెడితే నాకు మళ్ళీ రాయండి, అప్పుడు వేరే ఉత్తరం రాస్తాను. ఇప్పుడు జరిగింది అది కాదు.

ఇదే తక్కెడలో ఇంకోటి కూడా వెయ్యాలి. ఒడిశాలో ఏ బడి చూసినా వినాయక చవితికి గణేశ పూజ, మాఘంలో సరస్వతి పూజ ఘనంగా చేస్తారు. పిల్లలు కొత్త బట్టలు కట్టుకొస్తారు, ప్రసాదం తింటారు. మీ పాప పక్కన కూర్చునే పిల్ల కూడా అక్కడే కూర్చుంటుంది. ఆ పిల్ల తల్లిని ఎవరైనా అడిగారా? ఆ ఇంట్లో నాయనమ్మ భోజనం మానేసిందేమో మనకేం తెలుసు? నేను బడిలో ఉన్నన్నాళ్ళూ సరస్వతి పూజ చేయించాను, ఒక్క క్రైస్తవ తల్లినీ అడగలేదు. అడగాలని తోచనే లేదు. ఇప్పుడు తోస్తోంది.

పిల్లలకి పండగల గురించి చెప్పడం వేరు, పూజ చేయించడం వేరు. క్రిస్మస్‌కి నక్షత్రం ఎందుకు కడతారో తెలుసుకున్నందుకు మీ పాప క్రైస్తవురాలైపోదు, సంక్రాంతి గొబ్బెమ్మ గురించి విన్నందుకు ఆ పిల్ల హిందువు అయిపోదు. బరంపురంలో రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణి జాత్ర మీ అత్తగారికి తెలిసే ఉంటుంది. బుఢీ ఠాకురాణి అమ్మవారు పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టిల్లు డేరా సాలెల పెద్ద ఇల్లు, ఆ సాలెల మూలం తెలుగునాడు. ఊరంతా ఒడియా, అమ్మవారి పుట్టిల్లు తెలుగు. ఆవిడకి ఈ కథ గుర్తు చేసి, తర్వాత పాట మాట ఎత్తండి.

పాపని ఆ పాట అర్థం అడగండి. తెలియకపోతే స్నేహితురాలిని అడిగి రమ్మనండి. ఒకసారి ఆలోచించండి, ఎనిమిదేళ్ళ పిల్ల ఇంట్లో ద్రావిడ భాష, బడిలో ఆర్య భాష, బెంచీ మీద ముండా కుటుంబానికి చెందిన సవర భాష వింటోంది. దేశంలో మూడు భాషా కుటుంబాలు ఒకే బెంచీ మీద కూర్చున్నాయి. దీనికోసం పట్నం వాళ్ళు ఫీజులు కట్టినా దొరకదు. పైగా ఆ పక్క పిల్ల అవస్థ మీ పాపకంటే ఎక్కువ. సవర భాషకి 1936లో మంగెయ్ గొమాంగో అనే ఆయన సొరాంగ్ సొంపెంగ్ అని సొంత లిపి కట్టారు. క్రైస్తవ సవరలు చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటారు. బడిలో ఒడియా. మీ పాపకి ఉన్నవి రెండే లిపులు, దానికే మీరు బెంగపడుతున్నారు.

ఇక మీరు 'పెద్ద విషయం కాదు' అని ఒక్క వాక్యంలో తేల్చేసిన డ్రాయింగ్ పీరియడు. అమ్మా, మీ ఉత్తరం మొత్తంలో మీరు గొడవ పడాల్సినది ఏదైనా ఉంటే అదొక్కటే.

ఆ పీరియడు ఎందుకు పోతుందో చెప్తాను. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకి, అదీ వంద మంది దాటితేనే, బొమ్మలు చెప్పడానికి పార్ట్ టైం మనిషిని ఇమ్మంది. ఒకటి నుంచి అయిదు దాకా క్లాసు టీచరే అన్నీ. సిలబస్ అవ్వలేదని ఆవిడ తల మీద కత్తి వేలాడుతుంటే మొదట తెగేది డ్రాయింగే. నేనూ తెంచాను. కానీ మీ పాప లాంటి పిల్లకి, రాతలో ఎర్ర ఇంకు తప్ప చూడని పిల్లకి, భాష అడ్డం రాకుండా 'నాకు వచ్చు' అనిపించుకునే గంట అదొక్కటే. అది తీసేసి లెక్కలు చెప్తే లెక్కలు కూడా ఎక్కవు.

లెక్కలే కావాలంటే ముగ్గు వెయ్యమనండి. ఏడు చుక్కల సందు చుక్క ముగ్గు, నాలుగు దాకా. మధ్య వరసలో ఏడు, పైన ఆరు, అయిదు, నాలుగు, కింద కూడా అలాగే. మొత్తం చుక్కలు ఎన్ని? మూడో తరగతి పిల్ల ముందు ఒక్కోటి లెక్కపెడుతుంది. తర్వాత పైన పదిహేను, కింద పదిహేను, మధ్యలో ఏడు అని ముప్పై ఏడు చెప్తుంది. ఆ రెండో పద్ధతి తనంతట తను కనిపెట్టిన రోజు ఆ ముఖం చూడాలి మీరు. కూడిక, రెట్టింపు, సౌష్ఠవం అన్నీ పిడికెడు పిండిలో ఉన్నాయి.

ఆ పిండి దగ్గరే ఇంకో విశేషం ఉంది. మనం బియ్యప్పిండితో ముగ్గు వేస్తాం. ఒడియా ఇళ్ళలో మార్గశిరం గురువారాల్లో లక్ష్మీదేవి కోసం బియ్యం నానబెట్టి రుబ్బిన పిండితో, వేళ్ళతో ఝోటి వేస్తారు, గుమ్మం లోపలికి బుల్లి పాదాలు నడిచొచ్చినట్టు. సవర ఇళ్ళలో ఎర్రమట్టి పూసిన గోడ మీద అదే బియ్యప్పిండితో, వెదురు పుల్లతో ఇడితాల్ వేస్తారు. మనుషులు, ఏనుగులు, చెట్లు, నిచ్చెనలు, అన్నీ సన్నటి గీతల్లో. రాయగడ జిల్లా లాంజియా సవరల బొమ్మలకి 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. మూడు ఇళ్ళు, మూడు భాషలు, ఒకటే బియ్యప్పిండి. బడిలో ఒక నెల పాటు వారానికో గంట దీని మీద పెడితే భాష, పండగ, బొమ్మ, లెక్క అన్నీ ఒకేచోట దొరుకుతాయి. పిండి ఎలా కలుపుతారో ఒక నాయనమ్మ వచ్చి చూపిస్తుంది, పిల్లలు ఆ మాటలు మూడు భాషల్లో రాసుకుంటారు. ఖర్చు ఓ సోలెడు బియ్యం.

ఒక హెచ్చరిక మాత్రం చెయ్యాలి, ఇది నేను చేసిన తప్పు లోంచి వచ్చింది. చాలా ఏళ్ళ కిందట, గుణుపురం వైపు ఒక బడిలో ఉన్నప్పుడు, ఇన్‌స్పెక్షన్ వస్తోందని క్లాసు గోడ అందంగా ఉండాలనుకున్నాను. ఒక సవర పిల్లాడిని పిలిచి 'మీ వాళ్ళ బొమ్మ వెయ్యరా' అన్నాను. వాడు నేల చూశాడు. మళ్ళీ అన్నాను. సుద్దముక్కతో ఏవో నాలుగు గీతలు గీశాడు. మర్నాటి నుంచి మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు వాళ్ళ తాత వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. 'ఆ బొమ్మ ఎవరి కోసం వేయించావు మాస్టారూ?' అన్నాడు. ఇన్‌స్పెక్టరు కోసం అని ఎలా చెప్పను? ఇడితాల్ అంటే గోడ అలంకారం కాదని, ఇంట్లో జబ్బు చేస్తేనో పోయినవాళ్ళు కలలో వస్తేనో వాళ్ళ కోసం వేసి, పూజారి చేత పిలిపించి, ఆ గోడలో వాళ్ళని కూర్చోబెట్టే ఇల్లు అని ఆయన చెప్పేదాకా నాకు తెలియదు. తడిగుడ్డ తీసుకుని నేనే తుడిచాను. ఆయన చూసి వెళ్ళిపోయాడు, మర్నాడు పిల్లాడు వచ్చాడు.

అందుకని, మీ పాప స్నేహితురాలిని సవర పిల్ల కదా అని ఇడితాల్ వెయ్యమని ఎవరూ అడక్కూడదు. క్రైస్తవం తీసుకున్న ఇళ్ళలో ఆ గోడ బొమ్మ మానేసి ఒక తరం దాటిపోయి ఉండొచ్చు. అడిగితే ఆ తల్లికి అది మీ అత్తగారికి పాట తగిలినట్టే తగులుతుంది. బజారులో చీరల మీద, సంచుల మీద ఆ బొమ్మలు అమ్ముతున్నారు, వాటిని చూసి గీసుకుంటే పేచీ లేదు. కానీ ఒక పిల్ల వైపు వేలు చూపించి 'నీది వెయ్యి' అనడం వద్దు. పిల్లలకి ఏం తేవాలనిపిస్తే అది తెస్తారు. ఆ పిల్ల పాట తెచ్చింది చూడండి, ఎవరూ అడగలేదు.

హాస్టలు మాట మీ మరిదికి నా పేరు చెప్పి కాదనండి. ఎనిమిదేళ్ళ పిల్లని, ఓకారం ఎక్కువైందని, పాట పాడిందని ఇల్లు దాటించరు. ఇంగ్లీషు కావాలి, నేను కాదనను. కానీ అక్కడ వేస్తే ఇప్పటిదాకా కూడబెట్టుకున్న ఒడియా పోతుంది, ఇంగ్లీషు మళ్ళీ 'అ ఆ'ల నుంచి మొదలు, తెలుగు వార్డెను గదిలో మిగులుతుంది. అయిదో తరగతి అయ్యాక అడగమనండి, అప్పుడు మాట్లాడదాం.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది బడికి వెళ్ళడం. ప్రతి సర్కారు బడికీ ఎస్ఎంసీ, అంటే బడి నిర్వహణ కమిటీ, ఉండాలి, అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలని చట్టం. మీరు అందులో లేకపోతే ఉన్నావిడని వెంటబెట్టుకోండి. డ్రాయింగ్ పీరియడు వారానికి ఒక్కటైనా తిరిగి ఇమ్మని అడగండి, ముగ్గు లెక్క చెప్పండి. టీచరు గారిని తప్పు పట్టే గొంతుతో మాత్రం వెళ్ళకండి. ఆవిడ క్లాసులో ఇన్ని ఇళ్ళ పిల్లలున్నారు, ఆవిడకి ఆ ఇళ్ళ లిపులు ఎవరూ నేర్పలేదు. డిక్టేషన్ పేజీ పట్టుకెళ్ళి, హంస పక్కన ఆవిడ పెట్టిన ప్రశ్నార్థకం గుర్తు చూపించి, మా తెలుగులో సున్న ఇంత పెద్దదండీ అని చెప్పండి. పక్కనే ఒడియా 'ఠ' రాసి చూపించమని ఆవిడనే అడగండి.